2026లో ఇంటికి ఏ దిక్కు దోషం, ఏం పరిహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జనవరి నెలాఖరులో మొదలై ఉగాది దాటేదాకా ఫెంగ్ షుయ్ అనే చైనా వాస్తు మీద ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఈసారి దక్షిణం వాకిలి ఉన్నవాళ్ల టెన్షన్ మరీ ఎక్కువగా ఉంది. అనంతపురంలోనూ, కడప, కర్నూలు వైపు నుంచీ నన్ను అడిగినవాటిని అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. ముందున్నవి చదవకపోయినా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

ఇల్లు మారలేదు, వాకిలి మారలేదు. కొత్తగా దోషం ఎక్కడి నుంచి వచ్చింది?

ఫెంగ్ షుయ్‌లో ఫ్లయింగ్ స్టార్ అనే పద్ధతి ఉంది. ఇంటిని ఎనిమిది దిక్కులు, ఒక నడుమ భాగం అని తొమ్మిది గళ్లుగా చూస్తారు. ఆ గళ్లలో 1 నుంచి 9 దాకా అంకెలు కూర్చుంటాయి. దీనికి మూలం లో షు అనే చైనా చదరం. అందులో నడుమ 5 ఉంటుంది, ఎటు కూడినా 15 వస్తుంది. ఏడాది మారినప్పుడల్లా నడుమ గడిలోని అంకె ఒకటి తగ్గుతుంది (1 తర్వాత మళ్లీ 9), దానితో పాటు చుట్టూ ఉన్న అంకెలన్నీ కదులుతాయి. 2025లో నడుమ 2 ఉండేది, 2026లో 1 వచ్చింది, 2027లో 9 వస్తుంది. 5, 2, 3, 7 అంకెలు పడిన దిక్కుల్లో జాగ్రత్త అవసరమని ఈ పద్ధతి చెబుతుంది. ఇల్లు అదే అయినా ఏడాది లెక్క మారుతుంది కాబట్టి దోషం పడే దిక్కూ మారుతుంది.

మన వాస్తు ఉండగా ఇది కూడా ఎందుకు? రెండింటికీ పొత్తు కుదురుతుందా?

కుదురుతుంది. వాస్తు ఇంటి కట్టడానికి సంబంధించింది. ఏటి అంకెలు ఆ ఇంట్లోకి బాడుగకు దిగినవాళ్ల లాంటివి: ఏడాది ఉండి ఖాళీ చేసి పోతాయి. కాబట్టి ఏడాది దోషం కోసం గోడ కొట్టడం, వాకిలి మార్చడం, వంటగది కదిలించడం ఎప్పుడూ చేయకండి. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. పన్నెండు నెలల్లో పోయేదాని కోసం లక్షలు పెట్టి ఇల్లు పగలగొట్టమని ఎవరైనా చెబితే ఆ సలహాదారును మార్చండి.

ఇంకో మంచి సంగతి కూడా ఉంది. దక్షిణం తల పెట్టుకుని పడుకోవడం, ఉత్తరం ముఖంగా గల్లా దగ్గర కూర్చోవడం మనకు అలవాటు. ఈ ఏడాది ఫెంగ్ షుయ్ లెక్క ప్రకారం కూడా అవి సరైనవే, వాటిని మార్చనక్కర్లేదు.

ఇవన్నీ నిజమేనా? చేయకపోతే ఇంటికి కీడు జరుగుతుందా?

ఇది ప్రయోగశాలలో రుజువైన విషయం కాదు, పాతకాలం నుంచి వస్తున్న ఒక నమ్మకం, ఒక లెక్క. నేను పాటిస్తాను, అడిగినవాళ్లకు చెబుతాను. కానీ పరిహారం పెట్టనంత మాత్రాన ఇంటికి కీడు జరుగుతుందని ఎవరినీ భయపెట్టను. ఈ పద్ధతి సారం కూడా భయం కాదు. ఫలానా దిక్కును ఈ ఏడు కదిలించకండి, అక్కడ చప్పుడు తగ్గించండి, శుభ్రంగా ఉంచండి అని చెప్పడమే. అప్పు చేసి పరిహారాలు కొనేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అలా చేయాల్సిన అవసరం అసలే లేదు.

ఈ ఏడాది లెక్క ఎప్పుడు మొదలవుతుంది? ఉగాదికి పెట్టుకుంటే సరిపోదా?

ఏటి అంకెలు ఫిబ్రవరి 4న మారాయి. చైనా సౌరమానంలో వసంతం మొదలయ్యే రోజు అదే. చైనా కొత్త సంవత్సరం పండుగ ఫిబ్రవరి 17న వచ్చింది కానీ, ఇంటి దోషాల లెక్కకు ఎక్కువమంది ఫిబ్రవరి 4నే తీసుకుంటారు. మన ఉగాది మార్చి 19న వచ్చింది. ఉగాదికి ఇల్లు దులిపి పరిహారం పెట్టుకోవడం చాలామందికి వీలుగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కాకపోతే నెలన్నర ఆలస్యం అవుతుంది, అంతే. ఏడాది మధ్యలో తెలిస్తే ఆ రోజే పెట్టుకోండి.

చైనావాళ్లకూ మనకూ సంవత్సరాలది అరవై ఏళ్ల చక్రమే. ఈ ఏడాది మనకు పరాభవ నామ సంవత్సరం, వాళ్లకు అగ్ని గుర్రం ఏడాది. 1966లోనూ ఇదే జత.

నేను గుర్రం ఏడాదిలో పుట్టానట. నాకు ప్రత్యేకంగా దోషమా?

గుర్రం ఏడాదులు 1966, 1978, 1990, 2002, 2014. వాటికి ఎదురు పడేవి ఎలుక ఏడాదులు: 1960, 1972, 1984, 1996, 2008. ఈ రెండు గుంపులవాళ్లూ 2026లో తొందరపాటు నిర్ణయాలు తగ్గించుకోవాలని చెబుతారు. ఫిబ్రవరి 4కు ముందు పుట్టినవాళ్లు వెనకటి ఏడాది కిందికి వస్తారు, అది చూసుకోండి. మన జన్మరాశికీ దీనికీ సంబంధం లేదు.

## దిక్కులు చూసుకునేటప్పుడు

ఫోన్‌లో కంపాస్ పెడితే హాల్లో ఒక దిక్కు, వాకిట్లో ఒక దిక్కు చూపిస్తోంది. ఏది నమ్మాలి?

స్లాబు లోపలి ఇనుప కమ్మీలు, ఇన్వర్టర్ బ్యాటరీ, ఫ్రిజ్, మోటారు, చివరికి ఫోన్ కవర్లో ఉండే అయస్కాంతం కూడా ముల్లును లాగుతాయి. కవర్ తీసేయండి. ఇంటి బయట వాకిలికి ఎదురుగా, ఇనుప గేటుకూ బండికీ నాలుగడుగులు ఎడంగా నిలబడి చూడండి. ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో రెండు మూడు సార్లు తిప్పితే సరిపడుతుంది. ఇంకో రెండు చోట్ల కూడా చూసి, దగ్గర దగ్గరగా వచ్చినదాన్ని తీసుకోండి. పుస్తకాల షాపులో దొరికే మామూలు దిక్సూచి ఫోన్ కంటే నయం.

అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా రెండు డిగ్రీల లోపే. ఎనిమిది దిక్కుల లెక్కకు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఒక్కో దిక్కు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

ఒక్కో దిక్కుకు 45 డిగ్రీలు. ఉత్తరం 337.5 నుంచి 22.5 దాకా, అక్కడి నుంచి 67.5 దాకా ఈశాన్యం, 112.5 దాకా తూర్పు, 157.5 దాకా ఆగ్నేయం, 202.5 దాకా దక్షిణం, 247.5 దాకా నైరుతి, 292.5 దాకా పడమర, 337.5 దాకా వాయవ్యం. ఇల్లు మూలకు తిరిగి ఉన్నవాళ్లు "మాది దక్షిణం వాకిలి" అని పెద్దలు చెప్పిన మాట మీద ఆగిపోకుండా డిగ్రీ చూసుకోండి. 160 చూపిస్తే దక్షిణమే, 150 చూపిస్తే ఆగ్నేయం.

మాది పొడుగ్గా రైలుపెట్టె లాంటి పాత మిద్దె. రెండు పక్కలా ఉమ్మడి గోడలు. నడుమ భాగం ఎలా తేల్చాలి?

పై కప్పు ఉన్నంత మేర కాగితం మీద గీసుకుని, మూలలు కలుపుతూ రెండు గీతలు గీయండి. అవి కలిసే చోటే నడుమ. అక్కడి నుంచి దిక్కులు పంచుకోండి. పెరడు, బయటి వసారా, మేడ మెట్లు ఇందులోకి రావు. ఇంత పొడుగు ఇళ్లలో ఒకటి రెండు దిక్కులు ఇరుకై గోడకే పరిమితమవుతాయి. అలాంటి దిక్కుకు పరిహారం కోసం తంటాలు పడకండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మొత్తం బిల్డింగ్‌కు చూడాలా, మా ఫ్లాట్‌కు చూడాలా?

మీ ఫ్లాట్‌కే చూసుకోండి. నాలుగు గోడల మధ్య మీ ఆధీనంలో ఉన్నదే మీ ఇల్లు.

## 2026లో ఏ దిక్కు ఏమిటి

ఏ దిక్కులో ఏముందో ఒకేచోట చెప్పండి.

నడుమ 1. వాయవ్యంలో 2, ఇది అనారోగ్యం అంకె. పడమర 3, మాట పట్టింపులు, తగాదాలు. ఈశాన్యం 4, చదువుకు మంచిది. దక్షిణం 5, ఫైవ్ ఎల్లో అంటారు, అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది. ఉత్తరం 6, అంకె మంచిదే. నైరుతి 7, దొంగతనం, నష్టం. తూర్పు 8, ఆగ్నేయం 9, రెండూ శుభం. 2024 నుంచి 2043 దాకా నడుస్తున్న ఇరవై ఏళ్ల కాలానికి 9 అధిపతి కాబట్టి ఆగ్నేయానికి ఈ ఏడాది బలం ఎక్కువ. మన వంటగదులు చాలావరకు అక్కడే ఉంటాయి, అది మంచి సంగతే.

అంకెలతో పాటు ఏడాదిని బట్టి మారేవి ఇంకా ఉన్నాయి. తాయ్ సుయ్ అనే ఏడాది అధిదేవత దక్షిణంలో, దానికి ఎదురుగా ఉండే ఇయర్ బ్రేకర్ అనే దోషం ఉత్తరంలో, మూడు కీడులు కలిసి ఉంటాయని చెప్పే త్రీ కిల్లింగ్స్ కూడా ఉత్తరంలోనే. అందుకే ఉత్తరంలో అంకె మంచిదైనా దాన్ని కదిలించవద్దంటారు.

దక్షిణం గురించి ఈసారి ఎందుకింత గట్టిగా చెబుతున్నారు?

మూడు కారణాలు ఒకే చోట కలిశాయి. ఫైవ్ ఎల్లో భూమి తత్వం. దక్షిణం అగ్ని దిక్కు. పంచభూతాల చైనా లెక్కలో (చెట్టు, అగ్ని, భూమి, లోహం, నీరు) అగ్ని భూమికి బలం ఇస్తుంది. పైగా ఈ సంవత్సరమే అగ్ని గుర్రం. అంటే అసలే బలమైన అంకెకు రెండు వైపుల నుంచీ బలం తోడైంది. వీటికి తాయ్ సుయ్ కూడా అక్కడే వచ్చి చేరింది.

అందుకే 2026లో దక్షిణం గదిలో ఎర్ర కర్టెన్లు, ఎర్ర బల్బులు, కొవ్వొత్తులు వద్దు. తెలుపు, బూడిద రంగు, లోహం వస్తువులు మేలు. లోహం భూమి తత్వాన్ని మెత్తబరుస్తుందని లెక్క. గడపకు పసుపు కుంకుమ ఆపనక్కర్లేదు, వాటి వల్ల ఏమీ కాదు.

తాయ్ సుయ్ అంటే దేవుడా, గ్రహమా?

చైనాలో ఏడాదికి ఒక అధిదేవతగా కొలుస్తారు, కానీ లెక్క పుట్టింది గురుగ్రహం నుంచి. మనకు ఇది కొత్తేమీ కాదు. గురుడు మకరంలో అడుగుపెట్టినప్పుడు 2020 నవంబరులో కర్నూల్లో తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. పన్నెండేళ్లకు మళ్లీ వస్తాయి. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి పట్టే ఆ పన్నెండేళ్లనే చైనావాళ్లు పన్నెండు జంతువుల ఏడాదులుగా పంచారు. ఏ ఏడాది జంతువు ఏ దిక్కుదో తాయ్ సుయ్ అక్కడ ఉంటాడు. గుర్రానిది నేరుగా దక్షిణం, 172.5 నుంచి 187.5 డిగ్రీల మధ్య.

ఆయనకు ఎదురుగా కూర్చోకూడదు, వీపు వెనక ఉంటే అండ అంటారు. త్రీ కిల్లింగ్స్‌కు దీనికి తిరగేసి నియమం: ఎదుర్కోవచ్చు, వీపు పెట్టకూడదు. ఈ ఏడాది రెండూ ఎదురెదురుగా పడ్డాయి కాబట్టి దక్షిణానికి వీపు పెట్టి ఉత్తరం చూస్తూ కూర్చుంటే రెండు నియమాలూ ఒకేసారి తీరతాయి. చదువుకునే పిల్లలకూ, షాపులో గల్లా దగ్గర కూర్చునేవాళ్లకూ నేను ముందుగా చెప్పేది ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు.

మాది దక్షిణం వాకిలి. ఏడాదంతా తలుపు మూసుకోవాలా?

వద్దు. ఇంకో వాకిలి ఉంటే వీలైనప్పుడు దాన్ని వాడండి. లేకపోతే వాకిలి లోపలి పక్క, కాలికి తగలని చోట ఉప్పునీళ్ల గిన్నె ఒకటి, ఇత్తడి వస్తువు ఒకటి పెట్టండి. వాకిట్లో గుంతలు తవ్వడం, మెట్లు పగలగొట్టడం, గేటు మార్చడం ఈ ఏడాదికి ఆపండి. కిర్రుమనే తలుపు బందులకు నూనె వేయండి. ఊగే గేటు, ఊడిన గొళ్లెం ఉంటే బాగు చేయించండి. చిన్న మరమ్మతు వల్ల దోషం లేవదు. రోజూ తలుపు ఢామ్మని కొట్టుకోవడమే దానికంటే చెరుపు.

వాయవ్యం గదిలో అమ్మానాన్న పడుకుంటారు. అక్కడ అనారోగ్యం అంకె అంటే గుండె గుభేల్‌మంది.

కంగారు పడకండి. 2 భూమి తత్వం, వాయవ్యం లోహం దిక్కు. దిక్కే ఆ అంకెను కొంత పీల్చేస్తుంది. ఇత్తడి చెంబో, గంటో ఒకటి ఆ గదిలో పెట్టండి. గాలి వెలుతురు వచ్చేలా కిటికీ తెరవండి. ఎర్ర దుప్పట్లు, ఎర్ర బల్బు తీసేయండి. ఇంకో గది ఖాళీగా ఉండి పెద్దవాళ్లు ఇష్టపడితే ఈ ఏడాదికి మారవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బాత్రూం దూరమయ్యే గదికి మాత్రం మార్చకండి. బీపీ, షుగర్ మాత్రలు మానకుండా చూడటం ఏ పరిహారం కంటే ముందు.

వాయవ్యంలో మరుగుదొడ్డి ఉన్న ఇళ్లు మన వైపు ఎక్కువ. అలాంటి ఇంట్లో ఆ అంకె అక్కడే అణిగి ఉంటుందని చెబుతారు, ఇంకేం పెట్టక్కర్లేదు.

నైరుతి బెడ్‌రూమ్‌లో 7 అంటున్నారు. బీరువా అక్కడే ఉంది. తీసేయాలా?

బీరువా అక్కడే ఉండనివ్వండి. 7 లోహం, దాన్ని తగ్గించేది నీటి తత్వం. నీలం రంగు దుప్పటి గానీ కర్టెన్ గానీ చాలు. తాళం సరిగా పడుతోందా, కిటికీ చువ్వలు గట్టిగా ఉన్నాయా అన్నది ఈ వారమే చూసుకోండి. ఊరెళ్లేటప్పుడు బంగారం లాకర్లో పెట్టండి.

పడమర గదిలో కూర్చుంటే చాలు, అత్తాకోడళ్లకు మాటా మాటా పెరుగుతోంది.

అక్కడున్న 3 చెట్టు తత్వం. దాన్ని కరిగించేది అగ్ని. ఎర్ర కుషన్, సాయంత్రం పూట ఒక చిన్న దీపం లేదా వెచ్చని వెలుతురు పెట్టండి. ఆ గదిలో కుండీలు ఉంటే పక్కకు మార్చండి. టీవీ చప్పుడు తగ్గించండి. డబ్బు, ఆస్తి మాటలు మాత్రం వేరే గదిలో కూర్చుని మాట్లాడుకోండి.

## పరిహారం పెట్టేటప్పుడు

ఉప్పునీళ్ల గిన్నె సరిగ్గా ఎలా పెట్టాలి?

వెడల్పు మూతి ఉన్న గాజు గిన్నె లేదా పింగాణీ గిన్నె తీసుకోండి. స్టీలు వద్దు, తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ కూడా వద్దు. ముప్పాతిక వంతు రాళ్ల ఉప్పు పోసి, పైన ఆరు ఇత్తడి నాణేలో బిళ్లలో పరచండి. అంచుకు వేలెడు తక్కువగా నీళ్లు పోయండి. మూత పెట్టకూడదు. అడుగున వెడల్పాటి పళ్లెం తప్పనిసరి.

పళ్లెం సంగతి తేలికగా తీసుకోవద్దు. మూడు నాలుగు వారాల్లో ఉప్పు గిన్నె లోపలి గోడ ఎక్కి, అంచు దాటి, బయటి వైపు తెల్లటి బుడిపెలుగా కిందికి దిగుతుంది. ఇత్తడి బిళ్లల చుట్టూ పచ్చటి చిలుము పడుతుంది. చూసినవాళ్లు "దోషం ఎంత లాగిందో" అంటారు. ఉప్పునీళ్లు అంచు దాకా పాకి ఆరిపోతే గింజ కట్టడం సహజం, ఎక్కువ పాకితే ఎక్కువ దోషం అనుకుని భయపడకండి. కానీ ఆ ఉప్పు నేల మీదికి దిగితే కడప బండలు, తాడిపత్రి బండలు తెల్లగా పొడిబారి మచ్చ పడతాయి, ఎంత తుడిచినా పోదు.

మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. వారానికి ఒకటి రెండు సార్లు చూసి నీళ్లు పోయండి. ఉప్పు కదిలించకండి, గిన్నె తుడవకండి. చిలుము విషం కాబట్టి చంటిపిల్లలకూ, పిల్లులకూ అందని ఎత్తులో ఉంచండి. 2026లో దీన్ని దక్షిణంలో పెట్టాలి. ఏడాది తిరిగాక కాలువలోకి వంచేయండి. చెట్టు మొదట్లో పోస్తే చెట్టు ఎండిపోతుంది.

విండ్ చైమ్ ఎక్కడ కట్టాలి? ఎన్ని గొట్టాలు ఉండాలి?

ఆరు గొట్టాలు, లోపల బోలుగా ఉన్న లోహం. వెదురుది, గాజుది ఈ పనికి రావు. 2026లో దక్షిణంలో, గాలి మెల్లగా తగిలే చోట కట్టండి. మంచం మీద, కూర్చునే చోటికి నేరుగా పైన కట్టవద్దు. అర్ధరాత్రి మోగి నిద్ర చెడగొడితే తీసేయండి. ఆషాఢం గాలులకు మన వైపు డాబాల మీద అది ఆగకుండా మోగుతుంది, పక్కింటివాళ్లకూ ఇబ్బందే. అలాంటి ఇంట్లో కదలని ఇత్తడి వస్తువే మేలు.

చైనా నాణేలు, ఇత్తడి పగోడా మా ఊళ్లో దొరకవు. ఆన్‌లైన్‌లో పదివేల కిట్ చూపిస్తున్నారు. కొనాలా?

కొనకండి. కావలసింది లోహం, దాని బరువు, దాని చప్పుడు. మీ ఇంట్లో అటక మీద పెట్టిన ఇత్తడి బిందె, పాత కంచు చెంబు, పూజగంట ఉంటే దించి చింతపండుతో తోమి వాడుకోండి. వాయవ్యంలో పెట్టమని చెప్పే వూ లూ బొమ్మ మరేదో కాదు, నడుము సన్నగా ఉండే సొరకాయ బుర్ర ఆకారం. పల్లెల్లో ఒకప్పుడు పొలానికి నీళ్లు తీసుకెళ్లింది అలాంటి బుర్రలోనే. ఎండిన బుర్ర ఇంట్లో ఉంటే దాని పక్కన ఒక ఇత్తడి గంట పెట్టండి, సరిపోతుంది.

మేం ముస్లింలం. బొమ్మలు, విగ్రహాలు ఇంట్లో పెట్టుకోలేం. మరి ఏం చేయాలి?

ఏ బొమ్మా అక్కర్లేదు. ఏనుగు, ఖడ్గమృగం, చీ లిన్ అనే చైనా పురాణ జంతువు లాంటివన్నీ గుర్తులు మాత్రమే. అసలు పని రంగుది, లోహానిది, నీటిది. దక్షిణంలో ఇత్తడి లోటా, నైరుతిలో నీలం పరదా, పడమర వెచ్చటి దీపం పెడితే చాలు. అన్నిటికంటే ముఖ్యంగా దక్షిణం, ఉత్తరం వైపు తవ్వకుండా ఉండటం. దానికి మతంతో పని లేదు.

వాకిలికి బూడిద గుమ్మడికాయ కట్టాం, నిమ్మకాయ మిరపకాయలు కడుతున్నాం. అది చాలదా?

అవి దిష్టికి. ఏడాది దిక్కుల లెక్క వేరు. రెండూ ఉండవచ్చు, ఒకదానికి ఒకటి అడ్డం రాదు. కాయ కుళ్లి నీళ్లు కారుతుంటే మాత్రం వెంటనే మార్చండి, వాకిలి శుభ్రం అన్నిటికంటే ముందు.

## ఇంట్లో పని పెట్టుకున్నప్పుడు

బోరు ఎండిపోయింది. కొత్త పాయింటు దక్షిణంలోనే పడింది. వేయించవచ్చా?

అనంతపురం జిల్లాలో ఈ ప్రశ్నకు సులువైన జవాబు లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే చోట, తాగడానికి నీళ్లు లేని ఇంటివాళ్లను ఫిబ్రవరి దాకా ఆగమని నేను చెప్పలేను.

ముందు ఈ విషయం తేల్చుకోండి: ఆ పాయింటు ఇంటి కప్పు కిందికి వస్తుందా, ఖాళీ స్థలంలోనా, పొలంలోనా? పొలంలో బోరుకు ఇంటి దిక్కులు వర్తించవు, నిశ్చింతగా వేయించండి. ఇంటి ఆవరణలో గోడకు ఎడంగా ఉంటే ప్రభావం తక్కువ. గోడకు ఆనుకుని ఉంటేనే జాగ్రత్త కావాలి. ఈశాన్యంలోనో తూర్పులోనో రెండో పాయింటు చూడమని పాయింటు పెట్టేవారిని అడగండి. ఈ ఏడు ఆ రెండు దిక్కులూ శుభ్రంగా ఉన్నాయి, వాస్తుకూ ఈశాన్యం నీళ్లు నప్పుతాయి.

వేరే దారి లేక దక్షిణంలోనే వేయాల్సి వస్తే, బండి పనిచేసే రోజు దక్షిణం గదుల్లో గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు ఉండకుండా చూడండి. దుమ్ముకూ చప్పుడుకూ అది ఎలాగూ మంచిదే. ఇంటి లోపలి దక్షిణం గోడ దగ్గర ఇత్తడి వస్తువులు ముందే పెట్టండి. పని ఒకటి రెండు రోజుల్లో ముగించి, గుంత తెరిచి వదిలేయకుండా మూత బిగించండి. మూత లేని బోరు గుంతలో పిల్లలు పడిన వార్తలు మనందరం విన్నవే. వాల్టా చట్టం కింద తీసుకోవాల్సిన అనుమతి మరిచిపోవద్దు.

2026 సెప్టెంబరు 7 నుంచి అక్టోబరు 7 దాకా మాత్రం ఎలాగైనా తప్పించండి. ఆ నెల అంకె కూడా 5, అదీ దక్షిణంలోనే పడుతుంది.

దసరాకు ఇంటికి రంగులు వేయించాలి. ఏ గోడతో మొదలుపెట్టాలి?

తూర్పు లేదా ఆగ్నేయం గోడతో మొదలుపెట్టండి. దక్షిణం, ఉత్తరం గోడలతో మొదలుపెట్టకూడదు, వాటితో ముగించకూడదు, నడుమ కలిపేయండి. ఈసారి విజయదశమి అక్టోబరు 20న. పండుగ ముందు సెప్టెంబరులో పని పెట్టుకునే అలవాటున్నవాళ్లు దక్షిణం వైపు గీకుడు, సుత్తి పని అక్టోబరు రెండో వారానికి జరపండి. పాత రంగు మీద ఒక కోటు వేయడం తవ్వకం కిందికి రాదు.

ఉత్తరం గదిలో బండలు లేచిపోయాయి. మార్చేది ఎప్పుడు?

2026లో ఉత్తరంలో త్రీ కిల్లింగ్స్, ఇయర్ బ్రేకర్ ఉన్నాయి. 2027లో ఫైవ్ ఎల్లో అక్కడికే వస్తుంది. అంటే రెండేళ్లు వరసగా ఉత్తరం కదపకూడనిదే. కాలు తట్టుకుని పడే ప్రమాదం ఉంటే అన్నేళ్లు ఎలా ఆగుతారు? గది మొత్తం తవ్వకుండా, లేచిన రెండు మూడు బండలు మాత్రం సిమెంటుతో కూర్చోబెట్టించండి. మొత్తం మార్చే పని 2028 ఫిబ్రవరి తర్వాత పెట్టుకోండి.

ఏసీ బిగించడానికి దక్షిణం గోడకు రంధ్రం కొట్టాలి.

కొట్టించుకోండి. గంట పనికి దోషం పట్టదు. ఎండాకాలం ఏసీ లేక పెద్దవాళ్లు నీరసపడటం ఇంకా చెడ్డది.

బాడుగ ఇల్లు. మేకు కొట్టినా ఓనర్ ఒప్పుకోడు.

మేకు అక్కర్లేదు. బల్ల మీద పెట్టే గిన్నె, ఇత్తడి చెంబు, కర్టెన్ రంగు, కుర్చీ తిప్పుకోవడం, ఇవన్నీ గోడ తాకకుండా చేసుకునేవే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఉప్పునీళ్లు పారబోసి వెళ్లండి, వచ్చేవాళ్లకు వదిలేయకండి.

## పెట్టిన తర్వాత

పరిహారాలు పెట్టి రెండు నెలలైంది. ఇంట్లో జ్వరాలు తగ్గలేదు. ఇంకా పెద్దవి పెట్టాలా?

వద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డ్రమ్ముల్లో, సంపులో, ఎయిర్ కూలర్ అడుగున నిలవ నీళ్లు ఉన్నాయేమో చూడండి. నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారో గుర్తు చేసుకోండి. పరిహారం మీద పరిహారం పేర్చుకుంటూ పోతే ఇల్లు ఇరుకవుతుంది, మనసులో భయం పెరుగుతుంది.

గిన్నె పగిలింది. కీడుకు సూచనా?

కాదు. గాజు ముక్కలు జాగ్రత్తగా ఎత్తి, నేల మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి, కొత్త గిన్నె పెట్టండి. ఉప్పు పట్టిన చోట చెప్పులు లేకుండా నడిస్తే పగుళ్లు మండుతాయి.

పోయిన ఏడాది ఈశాన్యంలో పెట్టిన విండ్ చైమ్ అలాగే ఉంచవచ్చా?

2025లో ఫైవ్ ఎల్లో ఈశాన్యంలో ఉండేది కాబట్టి అప్పుడు అది సరి. ఇప్పుడు అక్కడ 4 వచ్చింది, అది చదువుకు మేలు చేసే చెట్టు తత్వం. లోహం దాన్ని నరుకుతుంది. చైమ్ తీసి, ఉప్పునీళ్లతో తుడిచి ఆరబెట్టి దక్షిణంలో కట్టుకోండి. ఈశాన్యంలో పిల్లల పుస్తకాలు, ఒక పచ్చటి మొక్క పెట్టండి.

2027కు ఇప్పుడే ఏమైనా ఆలోచించుకోవాలా?

పనులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. 2027 ఫిబ్రవరి 4 నుంచి దక్షిణానికి 4 వస్తుంది, అక్కడ ఆపిన పనులు అప్పుడు మొదలుపెట్టవచ్చు. ఫైవ్ ఎల్లో ఉత్తరానికి, అనారోగ్యం అంకె 2 పడమరకు వెళతాయి. త్రీ కిల్లింగ్స్ కూడా పడమరకే వస్తాయి. తాయ్ సుయ్ నైరుతిలోకి జరుగుతాడు, 202.5 నుంచి 217.5 డిగ్రీల మధ్య. కాబట్టి పడమర, నైరుతి వైపు గోడ పగుళ్లు, డ్రైనేజీ, మెట్ల పని ఏదైనా ఉంటే 2027 జనవరి లోపు చేయించేయండి. మేస్త్రీలు సంక్రాంతికి ఊళ్లకు పోతే తిరిగి రావడానికి వారం పది రోజులు పడుతుంది, డిసెంబరులోనే మాట్లాడి పెట్టుకోండి.